శ్మశానం కాపాడిన అడవి

తూర్పు లండన్‌లో మానర్ పార్క్ రైల్వే స్టేషను నుంచి బయటికి వచ్చి కొద్ది నిమిషాలు నడిస్తే వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ అనే విశాలమైన పచ్చిక బయలు కనిపిస్తుంది. దాని పక్కనే సిటీ ఆఫ్ లండన్ శ్మశానవాటిక. ఈస్ట్ హామ్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఈ శ్మశానం తెలిసే ఉంటుంది. నేను అక్కడికి మొదటిసారి వెళ్ళింది కూడా ఒక తెలుగు పెద్దాయన అంత్యక్రియలకే. కార్యక్రమం ముగిసి బయటికి వచ్చాక, వెంటనే ఇంటికి వెళ్ళబుద్ధి కాక ఆ బయలులో కాసేపు నడిచాను. మోకాలెత్తు గడ్డిలోంచి స్కైలార్క్ పిట్ట ఒకటి నిట్టనిలువుగా ఆకాశంలోకి లేచి, కంటికి కనబడనంత ఎత్తున ఆగకుండా పాడుతోంది. చుట్టూ నాలుగు దిక్కులా ఇళ్ళు. గజం స్థలం బంగారమైన ఈ నగరంలో, నేలమీద గూడు కట్టుకునే పిట్టకు ఇంత చోటు ఎలా మిగిలిందన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదలలేదు.

వైద్యుణ్ణి కనుక పాత కేసు కాగితాలు చదివే అలవాటు ఉంది. ఆ అలవాటు కొద్దీ వెదుకుతూ పోతే జవాబు నా వెనకే, ఆ శ్మశానం గోడలోపలే ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను.

రాజుగారి జింకలు

వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ ఎపింగ్ ఫారెస్ట్ అనే అడవికి దక్షిణపు కొస. అక్కడి నుంచి ఉత్తరాన ఎపింగ్ పట్టణం దాకా దాదాపు పన్నెండు మైళ్ళ పొడవున, ఆరు వేల ఎకరాల విస్తీర్ణంలో, ఒక సన్నని పచ్చని పట్టీలా ఈ అడవి సాగుతుంది. మధ్యయుగాలలో ఇది ఇంగ్లండు రాజుల వేటభూమి. ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1540లలో, వేట చూడడానికి కట్టిన కొయ్య మేడ చింగ్‌ఫర్డ్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది. ఎలిజబెత్ రాణి వేటమందిరమని దానిని పిలుస్తారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. రాజుగారి అడవి అంటే రాజుగారి సొంత భూమి అని అర్థం కాదు. నేల స్థానిక భూస్వాములది. ఆ నేల మీద జింకలను పెంచుకునే, వేటాడే హక్కు రాజుది. జింకలు అడ్డు లేకుండా తిరగాలి కనుక ఆ నేలను కలిగినవాడు కూడా కంచె వేయరాదు. పొలం పంటను జింక మేసినా రైతు ఓర్చుకోవాలి. దీనికి బదులుగా అన్నట్టు అడవి అంచు గ్రామాలలో భూమి ఉన్నవారికి తమ పశువులను అడవిలో మేపుకునే హక్కు, కొన్ని ఊళ్ళవారికి చలికాలం వంటచెరకు కొట్టుకునే హక్కు ఆచారంగా వచ్చాయి.

తెలుగు మాధ్యమంలో చదువుకుని పల్లెటూళ్ళో పెరిగినవారికి ఈ ఏర్పాటు అర్థం కావడం కష్టం కాదు. మనకు మందబయలు ఉండేది, చెరువుగట్టు ఉండేది, తెలంగాణలో గొర్రెలూ మేకలూ మేసే కంచలుండేవి. ఎవరి పట్టాలోనూ లేని ఆ నేలను రెవెన్యూవారు పోరంబోకు అన్నారు. పన్ను రాని నేలకు పెట్టిన ఆ పేరును మనం పనికిరాని మనిషిని తిట్టడానికి వాడుకుంటున్నాం. ఒక భూమికి ఎవరూ యజమాని కాకపోతే అది ఎవరికీ అక్కర లేనిదన్న భావం ఆ తిట్టులో దాగి ఉంది. ఎపింగ్ ఫారెస్ట్ కథ ఆ భావానికి ఎదురు నిలిచిన కథ.

1851: ముందుగా పోయిన అడవి

పంతొమ్మిదవ శతాబ్దానికి రాజులకు వేట మీద మోజు తగ్గింది. లండన్ జనాభా పెరిగింది, రైళ్ళు వచ్చాయి, నగరం చుట్టూ ఇళ్ళ స్థలాలకు గిరాకీ పుట్టింది. ఎపింగ్ ఫారెస్ట్‌కు పొరుగునే హైనాల్ట్ ఫారెస్ట్ ఉండేది. 1851లో పార్లమెంటు చట్టం చేసి దాని అటవీ హోదాను తీసివేసింది. ఆ తరువాత కొద్దికాలానికే యంత్రాలు తెచ్చి శతాబ్దాల వయసున్న చెట్లను వేళ్ళతో సహా పెకలించి చాలా భాగాన్ని సాగుభూమిగా మార్చారు. జనం కళ్ళు తెరిచేసరికి అడవి లేదు.

ఆ దెబ్బ తరువాతి వంతు ఎపింగ్‌దే అయింది. అక్కడ రాజుకున్న అటవీ హక్కులను ప్రభుత్వం భూస్వాములకు ఎకరాల లెక్కన అమ్మడం మొదలుపెట్టింది. రాజు హక్కు తొలగితే కంచె వేయడానికి అడ్డేమిటని భూస్వాములు అనుకున్నారు. పశువుల మేత హక్కు ఉన్నవారికి ఎంతో కొంత ముట్టజెప్పి, అడవిని ముక్కలు చేసి, ఇళ్ళకు అమ్మజూపారు. ఇరవై ఏళ్ళు తిరగకముందే అడవిలో సగానికి సగం కంచెల వెనక్కి వెళ్ళిపోయింది.

1865: ఒక గోడ, ఒక గొడ్డలి, ఒక సంఘం

ఆ ఒక్క సంవత్సరంలో మూడు సంఘటనలు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథలోని కీలకం బోధపడుతుంది.

మొదటిది ఎపింగ్‌కు దూరంగా యార్క్‌షైర్‌లో. ఆ ఏడాది మే నెలలో చార్లెస్ వాటర్టన్ అనే ప్రకృతి పరిశోధకుడు కన్నుమూశాడు. మత్తు వైద్యం చరిత్ర చదివినవారికి ఆయన పరిచితుడే. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే కురారే విషాన్ని ఆయన తెచ్చాడు. 1814లో లండన్‌లో ఆ విషమిచ్చిన ఒక గాడిదను, గొంతులో రంధ్రం చేసి కొలిమితిత్తితో గాలి ఊది బతికించారు. నేడు శస్త్రచికిత్సలో కండరాలను సడలించి కృత్రిమ శ్వాస నడిపే పద్ధతికి అది తొలి అడుగులలో ఒకటి. ఆ వాటర్టనే 1820లలో తన వాల్టన్ హాల్ ఎస్టేటు చుట్టూ మూడు మైళ్ళ పొడవున ఎత్తైన రాతిగోడ కట్టించి, లోపల తుపాకి పేలకూడదని శాసించి, పక్షులకు గూళ్ళు ఏర్పాటు చేశాడు. ప్రపంచంలో మొట్టమొదటి వన్యప్రాణి ఆశ్రయాలలో ఒకటిగా దానిని చెప్పుకుంటారు. పక్కనే ఉన్న సబ్బు ఫ్యాక్టరీ పొగ తన చెట్లను చంపుతోందని ఆయన ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిపాడు. ఆయన పోయిన కొన్నేళ్ళకే కొడుకు ఆ ఎస్టేటును అమ్మేశాడు. కొన్నది ఆ సబ్బు ఫ్యాక్టరీ వారి కుటుంబమే. యజమాని ప్రేమతో కట్టిన గోడ ఆ యజమాని ఆయుష్షు వరకే అడవికి కాపు కాసింది.

రెండవ సంఘటన ఎపింగ్ అడవిలోని లౌటన్ గ్రామంలో. ఆ ఊరి భూస్వామి, చర్చి పురోహితుడు కూడా అయిన జాన్ విటేకర్ మెయిట్లండ్ సుమారు 1,300 ఎకరాలకు కంచె వేశాడు. ఆ ఊరివారికి నవంబరు 11 అర్ధరాత్రి నుంచి ఏప్రిల్ 23 వరకు చెట్ల కొమ్మలు నరుక్కునే ఆచార హక్కు ఉంది. మొదలు నరకకూడదు. పశువులకు అందనంత ఎత్తున కొమ్మలు మాత్రమే కొట్టాలి. నవంబరు 11 అర్ధరాత్రి ఎవరో ఒకరు తొలి కొమ్మ కొట్టకపోతే హక్కు పోతుందని నమ్మకం. ఒక ఏడాది ఆ రాత్రి కట్టెలు కొట్టేవాళ్ళందరినీ విందుకు పిలిచి తాగించి మరిపించాలని చూశారనీ, థామస్ విల్లింగేల్ అనే ముసలి కూలీ సమయానికి లేచి వెళ్ళి కొమ్మ కొట్టి తెచ్చాడనీ ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమైనా, విల్లింగేల్ మాత్రం నిజం. కంచె వేసిన తరువాత కూడా అతడి కుటుంబం అడవిలోకి వెళ్ళి కొమ్మలు కొట్టింది. 1866లో అతడి ఇంటివాళ్ళు శిక్షపడి జైలుకు వెళ్ళారు.

మూడవది కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ, అంటే ఉమ్మడి భూముల పరిరక్షణ సంఘం, స్థాపన. జార్జ్ షా లెఫెవర్ ముందు నిలబడ్డాడు. తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ వంటివారు వెనక నిలిచారు. విల్లింగేల్ తరఫున ఈ సంఘం కోర్టుకు వెళ్ళింది.

ఆ వ్యాజ్యం తేలలేదు. 1870లో విల్లింగేల్ చనిపోవడంతో అది కూడా ముగిసిపోయింది. న్యాయపరంగా అది మొదటి నుంచీ బలహీనమైన కేసే. ఫలానా భూమికి అనుబంధమైన మేత హక్కును ఇంగ్లండు చట్టం గుర్తిస్తుంది కాని, ఊళ్ళో కాపురముంటున్నందుకే వచ్చే హక్కును గుర్తించడానికి సంకోచిస్తుంది. గొడ్డలి పట్టినవాడి దగ్గర ధైర్యం ఉంది. కాగితం లేదు.

కలరా, శ్మశానం, పశువులు

కాగితం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈ కథలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. ఇందులో మా వృత్తికి కూడా కొంత పాత్ర ఉంది.

1848లో లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ కార్పొరేషన్ జాన్ సైమన్ అనే శస్త్రవైద్యుణ్ణి తన తొలి ఆరోగ్యాధికారిగా నియమించింది. ఆ వెంటనే కలరా. కిక్కిరిసిన చర్చి ఆవరణలలో శవం మీద శవం పాతిపెట్టడం ప్రజారోగ్యానికి ముప్పని, నగరం వెలుపల శ్మశానం కావాలని సైమన్ పట్టుబట్టాడు. పారిశుధ్య బాధ్యత చూసే మురుగుకాలువల కమిషనర్లు 1850లలో ఆల్డర్స్‌బ్రూక్ అనే పొలాన్ని, దాదాపు రెండు వందల ఎకరాలను, కొన్నారు. 1856లో అక్కడ శ్మశానం తెరిచారు. కొన్నది శవాల కోసమే. అయితే ఆ పొలంతోపాటు దానికి అనుబంధంగా ఎపింగ్ అడవిలో పశువులను మేపుకునే హక్కు కూడా వచ్చింది. అప్పట్లో దానిని ఎవరూ పట్టించుకోలేదు.

విల్లింగేల్ కేసు నడుస్తున్న రోజులలో, 1868లో, రాబర్ట్ హంటర్ అనే ఇరవై నాలుగేళ్ళ న్యాయవాది కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీలో చేరాడు. భూస్వాములు తమ తమ మానర్ సరిహద్దులలోని హక్కుదారులకు డబ్బిచ్చి ఒప్పించుకుంటున్నారు. ఆ లెక్కన ఒక ఊరి హక్కుదారులు లొంగిపోతే ఆ ఊరి అడవి పోయినట్టే. పాత అటవీ న్యాయస్థానాల దస్త్రాలు తిరగేసి ఒక వాదాన్ని నిర్మించారు: ఈ అడవిలో పశువులు ఏనాడూ ఊరి పొలిమేర చూసి ఆగలేదు. ప్రతి ఊరివారు తమ పశువులకు తమ ముద్ర వేసి వదిలేవారు. అవి అడవి అంతటా తిరిగి మేసేవి. రాజు జింకల కోసం కంచెలు నిషేధించాడు కనుక పశువులకూ అడ్డులేదు. కాబట్టి అడవిలో ఏ ఒక్క చోట మేత హక్కు ఉన్నా, అది మొత్తం అడవి మీద ఉన్నట్టే. అప్పుడు ఒకే ఒక్క హక్కుదారు, డబ్బుకు లొంగనివాడు, కోర్టుకు ఎక్కితే చాలు. ఆ ఒక్కడు శ్మశానం రూపంలో సిద్ధంగా ఉన్నాడు.

ఈలోగా జనం కూడా ఊరుకోలేదు. 1871 జూలైలో వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో వేసిన కంచెలకు నిరసనగా వేలాదిమంది తూర్పు లండన్ కార్మికులు గుమిగూడారు. సాయంత్రానికి కంచెలు నేలకూలాయి. అదే సంవత్సరం సిటీ కార్పొరేషన్ తన మురుగుకాలువల కమిషనర్ల పేరిట భూస్వాముల మీద దావా వేసింది. 1874 నవంబరులో న్యాయమూర్తి సర్ జార్జ్ జెస్సెల్ తీర్పు చెప్పాడు: హక్కు అడవి అంతటికీ చెందుతుంది, 1851 తరువాత వేసిన కంచెలు చట్టవిరుద్ధం. సుమారు మూడు వేల ఎకరాలు మళ్ళీ తెరుచుకున్నాయి.

జింకలను వేటాడడం కోసం రాజులు చేసిన కఠినమైన చట్టం, కలరాకు భయపడి కొన్న శ్మశానం, కొమ్మలు కొట్టుకునే కూలీల మొండితనం, ఈ మూడూ కలిసి ఆ అడవిని నిలబెట్టాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రకృతిని కాపాడాలన్న ఉద్దేశంతో పుట్టింది కాదు.

గెలిచినవారు పోగొట్టుకున్నది

1878లో ఎపింగ్ ఫారెస్ట్ చట్టం వచ్చింది. అడవిని సిటీ కార్పొరేషన్ సంరక్షణలో పెట్టి, ఎల్లకాలమూ కంచె వేయకుండా, ఇళ్ళు కట్టకుండా ప్రజల విహారానికి ఉంచాలని, దాని సహజ రూపాన్ని వీలైనంతవరకు కాపాడాలని చట్టం శాసించింది. జింకల బాధ్యత కూడా సంరక్షకులదే అయింది. మేత హక్కుదారులు ఎన్నుకునే నలుగురు ప్రతినిధులకు నిర్వహణలో చోటిచ్చింది. 1882 మే 6న విక్టోరియా రాణి హైబీచ్‌కు వచ్చి అడవిని ప్రజలకు అంకితం చేసింది.

అయితే అదే చట్టం లౌటన్ ఊరివారి కొమ్మలు నరికే హక్కును రద్దు చేసింది. పరిహారంగా ఇచ్చిన 7,000 పౌండ్లతో ఊళ్ళో లాపింగ్ హాల్ అనే సభాభవనం కట్టి 1884లో తెరిచారు. అది ఇప్పటికీ ఉంది. విల్లింగేల్ దేనికోసం పోరాడాడో అది పోయింది, అతడి పోరాటం వల్ల అడవి మిగిలింది. ప్రకృతి పరిరక్షణ చరిత్రలో ఇది తరచూ కనబడే అన్యాయం. అడవిని వాడుకుంటూ కాపాడినవారిని, అడవి దక్కాక బయట నిలబెట్టడం.

దీని ఫలితాన్ని అడవి కూడా అనుభవించింది. వందల ఏళ్ళు కొమ్మలు నరికించుకున్న బీచ్, హార్న్‌బీమ్ చెట్లు ఆ తరువాత గుబురుగా పెరిగి నేలకు ఎండ తగలకుండా చేశాయి. వెలుగు కోరే పూల మొక్కలు, పురుగులు తగ్గాయి. ఇప్పుడు నిపుణులే మళ్ళీ కొన్నిచోట్ల కొమ్మలు నరికిస్తున్నారు, పొడుగు కొమ్ముల ఆవులను తెచ్చి మేపుతున్నారు. కూలీ చేసిన పనిలోని శాస్త్రం తెలుసుకోవడానికి మనకు శతాబ్దానికి పైగా పట్టింది.

ఈ పోరాటపు విత్తనాలు దూరం వెళ్ళాయి. రాబర్ట్ హంటర్ 1895లో ఆక్టేవియా హిల్, హార్డ్‌విక్ రాన్స్‌లీలతో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించాడు. ఎపింగ్ అడవి ప్రతినిధిగా పనిచేసిన ఎడ్వర్డ్ నార్త్ బక్స్టన్ 1903లో వన్యప్రాణుల రక్షణ కోసం ఒక అంతర్జాతీయ సంఘాన్ని ప్రారంభించాడు. నేడు ఫానా అండ్ ఫ్లోరా అన్న పేరుతో పనిచేస్తున్న సంస్థ అదే. హైనాల్ట్‌లో మిగిలిన అడవిని కొని ప్రజలకు దక్కించడంలోనూ ఆయనదే ముఖ్యపాత్ర.

ఇల్లు లేనివారి ప్రశ్న

భూస్వాముల దురాశను ఎదిరించడం నైతికంగా సులువు. అసలు పరీక్ష 1946లో వచ్చింది. యుద్ధంలో బాంబుల వల్ల ఈస్ట్ హామ్, వెస్ట్ హామ్‌లలో వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ రెండు పురపాలక సంఘాలు వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో పెద్ద భాగాన్ని తీసుకుని ఇళ్ళు కట్టాలనుకున్నాయి. అడిగింది భూస్వాములు కాదు. నిలువ నీడలేని కార్మిక కుటుంబాల తరఫున వారు ఎన్నుకున్నవారే అడిగారు. ఎదిరించింది కూడా అదే పేటల ప్రజలు. సంతకాలు సేకరించారు, సభలు పెట్టారు, తాతలు కూల్చిన కంచెలను గుర్తు చేశారు. బహిరంగ విచారణ జరిగింది. చివరికి ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. యుద్ధానంతరం ఆ మైదానంలో కొంతకాలం నిలిచిన తాత్కాలిక గృహాలను కూడా తరువాత తొలగించారు.

ఈ ఘట్టం నన్ను ఇబ్బంది పెడుతుంది. చెమ్మపట్టిన ఒక్క గదిలో నలుగురు పిల్లలతో బతుకుతూ, ఆ పిల్లల ఉబ్బసానికి మందు అడిగే తల్లులను నేను చూస్తూనే ఉన్నాను. ఇల్లు కూడా ఒక మందే. కాబట్టి ఆనాటి పురపాలకులు తప్పు చేశారని నేను అనలేను. కాని వెస్ట్ హామ్ ఆ తరువాత ఏం చేసిందో చూడాలి. కానింగ్ టౌన్‌లో బాంబులకు కూలిన నేల మీదనే కీర్ హార్డీ ఎస్టేటు కట్టింది. ఖాళీగా కనబడే ఉమ్మడి నేల చేతికి సులభంగా అందుతుంది కాబట్టే ముందుగా దాని మీదికి చూపు పోతుంది. ఆ చేతికి చట్టం అడ్డుపడితే కష్టమైన దారి వెదకక తప్పదు. అలాగే ఆ మైదానం దక్కినందువల్ల ఎక్కువ లాభపడింది ధనికులు కాదు. సొంత పెరడు లేని ఈస్ట్ హామ్ పిల్లలు. వారిలో ఈనాడు మన పిల్లలూ ఉన్నారు.

ఆ చట్టం ఎంత గట్టిదో 2012 ఒలింపిక్స్ సమయంలో మరోసారి తెలిసింది. ఆ మైదానంలో కొన్ని నెలలపాటు పోలీసుల స్థావరం పెట్టుకోవడానికి సైతం 2011లో పార్లమెంటు ద్వారా ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి 1878 చట్టాన్ని తాత్కాలికంగా సవరించాల్సి వచ్చింది. స్థానికులు దానినీ వ్యతిరేకించారు. వారు ఓడిపోయినా, కొన్ని నెలల కంచెకు కూడా అంత పని చేయవలసి రావడమే చెప్పుకోదగ్గ సంగతి.

మన కంచలు

2025 వసంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్‌డోజర్లు నడిచినప్పుడు, ఆ దృశ్యాలను ఇక్కడ ఫోన్లలో చూసి మనలో చాలామంది కలత చెందాం. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. అక్కడ ప్రతిపాదన ఇళ్ళది కాదు, ఐటీ సంస్థలకు భూమి ఇవ్వడం. అయినా ప్రశ్న ఒకటే. ప్రభుత్వం తన భూమి అంటుంది, కాగితాలు చూపిస్తుంది. నెమళ్ళకూ జింకలకూ కాగితాలుండవు. ఊరి పేరులోనే కంచ ఉంది, కాని అక్కడ ఒకప్పుడు ఎవరి మందలు మేశాయో, వారికి ఏ హక్కు ఉండేదో చర్చలో దాదాపు వినిపించలేదు.

ఎపింగ్ చరిత్ర నాకు నేర్పింది ఇదే. ఒక అడవి అందంగా ఉందని, అరుదైన జీవులున్నాయని వాదించడం అవసరమే, కాని అది చాలదు. అందం మీద ప్రేమ ఉన్న యజమాని చచ్చిపోతాడు, ప్రభుత్వం మారిపోతుంది. ఆ నేలతో సామాన్యులకు ఉన్న పాత సంబంధం ఏమిటో, మేతా కట్టెలా దారా నీళ్ళా, దానిని వెదికి, రాసి, హక్కుగా నిలబెట్టినప్పుడు కోర్టుకు పట్టు దొరుకుతుంది. మన ఊళ్ళలో ఆ సంబంధాలు తెలిసినవారు ఇంకా బతికే ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఊరి పోరంబోకు ఎక్కడెక్కడ ఉండేదో, ఎవరి పశువులు ఎంతదాకా పోయేవో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోవడం మనం చేయగలిగిన పనే. హంటర్‌కు ఉపయోగపడిన దస్త్రాలు కూడా ఒకప్పుడు ఎవరో విసుగు లేకుండా రాసిపెట్టినవే.

కొన్నేళ్ళుగా వసంతం రాగానే వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో ఒక భాగానికి తాత్కాలికంగా కంచె వేస్తున్నారు. స్కైలార్క్‌లు గుడ్లు పెట్టి పిల్లలను లేపే నెలలలో మనుషులూ కుక్కలూ గూళ్ళు తొక్కకుండా ఉండడానికి. వేసవి చివర తీసివేస్తారు. కంచెలు కూల్చినవారి మునిమనుమలు ఈ కంచె ముందు ఆగి, కుక్కను పక్కకు లాక్కుని, చుట్టూ తిరిగి వెళ్తున్నారు.